లీడ్స్ శ్మశానంలో ఒక రాయి: విక్టోరియా కాలపు ఇంగ్లండులో నల్లజాతి వాళ్ళ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

రాత్రిషిఫ్టు

లీడ్స్‌లో నర్సుగా చేస్తున్నాను, వచ్చి మూడేళ్ళయింది. నైట్ డ్యూటీ దిగి నడిచొచ్చే దారిలో, యూనివర్సిటీ ఆవరణలో సెయింట్ జార్జెస్ ఫీల్డ్ అని ఒక పాత శ్మశానం ఉంది. ఇప్పుడు పార్కులా మార్చేశారు, రాళ్ళు చాలావరకు తీసేశారు. మిగిలినవాటిలో ఒక రాయి దగ్గర కాసేపు ఆగి, ఫ్లాస్కులో టీ తాగి ఇంటికి పోవడం నాకు అలవాటు. దాని మీద సుసానా డార్బీ అని, ఆమె భర్త విలియం డార్బీ పాబ్లో ఫాంక్ అని ఉంటుంది. పేరు చూసి ఎవరో స్పెయిన్ మనిషి అనుకుంటూ వచ్చాను.

మొన్న పక్కింటి పెద్దావిడ చెప్పింది, ఆయన నల్లజాతి మనిషట. నార్విచ్‌లో పుట్టాడట. విక్టోరియా రాణి కాలంలో సొంత సర్కస్ నడిపాడట. మూడేళ్ళుగా ఆయన పక్కన నిలబడి టీ తాగుతున్నాను, ఆ సంగతే తెలియదు. ఆ పొద్దున ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు.

డిగ్రీ దాకా చదివాను. ఇంగ్లీషు పాఠాల్లో పొగమంచు, గుర్రపు బళ్ళు, అనాథ పిల్లలు అన్నీ వచ్చాయి. ఒక్క నల్లజాతి మనిషి రాలేదు. బానిసత్వం అంటే అమెరికా, పత్తి చేలు, అంతే. ఇంగ్లండులో అప్పట్లోనే వాళ్ళు ఉన్నారని నాకెవరూ చెప్పలేదు. ఎంతమంది ఉండేవాళ్ళు? ఏం పనులు చేసేవాళ్ళు? వాళ్ళ పిల్లలు ఏమయ్యారు?

పాతకాగితం

పాబ్లో ఫాంక్ అంటే నాకు చాలా ఇష్టం, ముందు ఆయన సంగతే చెబుతాను. అసలు పేరు విలియం డార్బీ. చిన్నతనంలోనే విలియం బ్యాటీ అనే సర్కస్ యజమాని దగ్గర పనికి కుదిరాడు. గుర్రం మీద నిలబడి స్వారీ, తాడు మీద నడక, గెంతులు అన్నీ అక్కడే నేర్చాడు. 1841లో బయటికొచ్చి సొంత సర్కస్ పెట్టాడు. ఉత్తర ఇంగ్లండు మిల్లు ఊళ్ళన్నీ తిరిగాడు. 1848లో ఇదే లీడ్స్‌లో ఆట నడుస్తుండగా జనం కూర్చున్న గ్యాలరీ కూలింది. అందులో పోయింది ఆయన భార్యే. మీరు చూసిన సుసానా ఆమె. 1871లో ఆయన స్టాక్‌పోర్టులో చనిపోతే అక్కడి నుంచి తెచ్చి ఆమె పక్కనే పెట్టారు. శవయాత్రలో ఆయనకు ఇష్టమైన గుర్రాన్ని నడిపించారు, బ్యాండు వాయించింది, చూడటానికి జనం విరగబడ్డారు.

ఇంగ్లండు బ్యాండు బీటిల్స్ 1967 ఆల్బంలో సర్కస్ పాట ఒకటి ఉంది కదా. అది 1843లో రోచ్‌డేల్‌లో ఆయన సర్కస్‌కు వేసిన పోస్టరు చూసి కట్టింది. ఆయన పేరు కూడా పాటలో వస్తుంది. ఆ పేరు వినని దేశం లేదు. వింటున్నవాళ్ళలో ఆయన నల్లజాతి మనిషని ఎంతమందికి తెలుసు?

ఇక ఎంతమంది అన్న ప్రశ్న. అక్కడి జనాభా లెక్కల్లో వయసు, పని, పుట్టిన చోటు రాసేవాళ్ళు. రంగు రాసేవాళ్ళు కాదు. జాతి గురించిన ప్రశ్న బ్రిటన్ సెన్సస్‌లోకి వచ్చింది 1991లో. అంటే నార్విచ్‌లో పుట్టిన విలియం డార్బీ కాగితం మీద ఉత్త నార్విచ్ మనిషి. ఇలాంటివాళ్ళు ఆ పుస్తకాల్లో ఉన్నారు, మనకు గుర్తుపట్టే దారి లేదు.

నాలుగోబెంచి

అంటే లెక్క లేదన్నమాట. లెక్క లేనప్పుడు ఉన్నారని ఎలా అంటారు? ఇప్పుడొచ్చే సీరియల్స్‌లో ఆ కాలపు ప్రతి విందులోనూ ఒక నీగ్రో ప్రభువు కనిపిస్తాడు. జనం అదే చరిత్ర అనుకుంటున్నారు. నా లెక్కలో ఒక ఇరవై ముప్పై మంది ఉంటారేమో.

మల్లెపందిరి

ముందు ఆ మాట మార్చండి. నల్లజాతి వాళ్ళు అనండి.

నాలుగోబెంచి

మా స్కూలు పుస్తకాల్లో అలాగే ఉండేది. సరే, మారుస్తాను, తప్పే. ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

హిస్టరీమాస్టారు

ఇరవై ముప్పై కాదు బాబూ. 1772లో సోమర్‌సెట్ అనే బానిస కేసు లండన్‌లో విచారణకు వచ్చింది. యజమాని అతన్ని బలవంతంగా ఓడెక్కించి జమైకా పంపవచ్చా అన్నది ప్రశ్న. కుదరదన్నాడు జడ్జి మాన్స్‌ఫీల్డ్. ఆ విచారణలో దేశంలో ఇలాంటివాళ్ళు 14, 15 వేల మంది ఉంటారన్న మాట వచ్చింది. అది అంచనాయే అనుకోండి, వేలల్లో అన్నది మాత్రం అప్పటివాళ్ళకు వింత కాదు. 1807లో బానిసల వ్యాపారం ఆగాక కొత్తగా వచ్చేవాళ్ళు తగ్గారు. ఉన్నవాళ్ళలో మగవాళ్ళు ఎక్కువ. నౌకర్లు, ఓడ పనివాళ్ళు, సైన్యంలో బ్యాండు వాయించేవాళ్ళు. వాళ్ళు ఇక్కడి తెల్ల అమ్మాయిలనే పెళ్ళాడారు. రెండు మూడు తరాలకు పిల్లలు చుట్టుపక్కల జనంలో కలిసిపోయారు. రాత్రిషిఫ్టు గారి మూడో ప్రశ్నకు జవాబు ఇదే. వాళ్ళెక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నారు.

లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నౌకాదళ సేనాని నెల్సన్ స్తంభం ఉంది కదా, దాని మొదట్లో నెల్సన్ చావును చూపించే కంచు పలక చూడండి. తుపాకీ పట్టుకుని నిలబడ్డ నల్లజాతి నావికుడు కనిపిస్తాడు. లండన్ నడిబొడ్డున 19వ శతాబ్దంలోనే పెట్టిన పలక అది.

లండన్‌ఎన్నారై

పదకొండేళ్ళుగా ఇక్కడ ఉన్నాను, ఊరి నుంచి వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ స్తంభం దగ్గర ఫోటో తీశాను. కనీసం 40 సార్లు. ఆయన్ని ఒక్కసారీ చూడలేదు. రేపే వెళ్తున్నాను.

టైలర్‌గారబ్బాయి

విలియం కఫే పేరు ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తకుండా ఉండలేను.

1788లో ఛాతంలో పుట్టాడు. తండ్రి కరీబియన్‌లోని సెయింట్ కిట్స్ దీవిలో బానిసగా ఉండి వచ్చినవాడు. కఫే ఎత్తు ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. దర్జీ. లండన్‌లో బట్టలు కుట్టి బతికాడు. 1834లో దర్జీలు పని గంటలు తగ్గించమని సమ్మె చేశారు. కఫేకి మొదట ఆ యూనియన్ మీద పెద్ద నమ్మకం లేదు. అయినా తోటివాళ్ళు దిగారని తనూ దిగాడు. సమ్మె ఓడిపోయింది, ఏళ్ళ తరబడి చేసిన చోట పని పోయింది. ఆ తర్వాత ఎవరూ పిలిచి పనివ్వలేదు.

మా నాన్న నరసరావుపేటలో టైలరు. రోజుకు 14 గంటలు మిషను మీద వంగి కుట్టి నడుము పోగొట్టుకున్నాడు. పండగ సీజనులో కాజాలు, గుండీలు అమ్మా నేనూ అర్ధరాత్రి దాకా కుట్టేవాళ్ళం. ఒకసారి కూలి పెంచమని నలుగురితో కలిసి అడిగినందుకు ఆ షాపతను నాన్నని మర్నాడే మానిపించాడు. కఫే సమ్మె గురించి చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. 1834 అయితేనేం, లండన్ అయితేనేం.

పని పోయాక ఆయన చార్టిస్టుల్లో చేరాడు. మగవాళ్ళందరికీ ఓటు, రహస్య బ్యాలెట్, ఎంపీలకు జీతం, ఇవీ వాళ్ళు అడిగింది. అప్పుడు దేశద్రోహం అన్నారు, ఇవాళ మనం ఓటు వేసే పద్ధతి అదే. కఫే లండన్ చార్టిస్టులకు నాయకుడయ్యాడు. ఎంతగా అంటే, టైమ్స్ పత్రిక వాళ్ళని "నల్లవాడు, అతని పార్టీ" అని ఎగతాళి చేసింది. 1848లో పోలీసు గూఢచారుల సాక్ష్యం మీద అరెస్టు చేసి, జీవితాంతం ద్వీపాంతర శిక్ష వేశారు. ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మానియా దీవికి పంపారు. అప్పటికి ఆయనకు 60 ఏళ్ళు. 1856లో క్షమాభిక్ష వచ్చింది. తిరిగి రాలేదు. అక్కడే బట్టలు కుట్టుకుంటూ, అక్కడి కూలీల చట్టం మీద మళ్ళీ సభల్లో మాట్లాడుతూ ఉండిపోయాడు. 1870లో హోబార్ట్‌లో దిక్కులేనివాళ్ళను ఉంచే చోట చనిపోయాడు.

నాలుగోబెంచి గారు లెక్క అడిగారు. ఈయన ఒక్కడు చాలడా?

నాలుగోబెంచి

ఒక్కడు చాలడనలేదు. మాస్టారు చెప్పిన వేల సంఖ్యకి నేను తగ్గుతున్నాను. కఫే గురించి నిజంగా తెలియదు. మీ నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారు?

టైలర్‌గారబ్బాయి

బాగున్నారండీ. ఇంకా మనవరాలి గౌన్లు కుడతారు. వద్దంటే వినరు.

చింతకాయపచ్చడి

కఫే అనగానే మన అరకుకాఫీ గారు పరిగెత్తుకొస్తారు చూడండి.

అరకుకాఫీ

వచ్చేశాను, కానీ కాఫీ కోసం కాదు. ఆ పేరు నాకు ముందే తెలుసు. కఫే అన్నది కోఫీ నుంచి వచ్చింది. పశ్చిమ ఆఫ్రికాలో అకాన్ మాట్లాడేవాళ్ళు శుక్రవారం పుట్టిన మగపిల్లాడికి పెట్టే పేరు. మా వైపు కొండల్లో సోమ్రా, మంగ్లా, బుద్రా, సుక్రా అని వారం పేర్లే పెడతారు. నాతో చదివినవాళ్ళలో సుక్రాలు ఇద్దరు ఉండేవాళ్ళు. హైస్కూల్లో ఒక టీచరు ఆ పేర్లు బాగాలేవని ఇద్దరికీ రికార్డుల్లో వేరే పేర్లు రాశారు. వాళ్ళ సర్టిఫికెట్లలో ఇప్పటికీ ఆ పేర్లే.

కఫే వాళ్ళ కుటుంబం సముద్రం దాటింది, బానిసత్వం దాటింది, ఆ శుక్రవారం మాత్రం పోలేదు. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే ఇది నచ్చుతుంది.

పాతకాగితం

అరకుకాఫీ గారు, ఈ మాట దాచుకుంటాను. పేరు నిలవడం అరుదు. ఎక్కువమందికి బాప్తిస్మం ఇచ్చేటప్పుడు కొత్త పేరు పెట్టేవాళ్ళు, విలియం, జాన్, మేరీ. చర్చి రిజిస్టరు రాసే అతనికి తోస్తే పక్కన "నల్లవాడు" అని రాసేవాడు, తోచకపోతే లేదు. ఇవాళ మనకు దొరికేవాళ్ళు చాలావరకు ఆ రెండు ముక్కల వల్లే దొరుకుతున్నారు.

ఇంకో సంగతి. దొరికే చోట్లు ఏవో చూడండి: కోర్టు, జైలు, పేదల హాస్టలు, నాటకం పోస్టరు, సర్కస్ పోస్టరు. గొడవలో పడితేనో, చూపించడానికి నిలబెడితేనో మనిషి రంగు కాగితం మీదికి వచ్చింది. పొద్దున లేచి పనికి పోయి, అద్దె కట్టి, పిల్లల్ని బడికి పంపి, ఎవరి జోలికీ పోకుండా చనిపోయినవాళ్ళ రంగు ఎవరూ రాయలేదు. అలాంటివాళ్ళే ఎక్కువమంది అయి ఉంటారు కదా. నాకు వాళ్ళ గురించే బాధ.

మల్లెపందిరి

పాతకాగితం గారు చెప్పినట్టే ఉంటుంది ఫానీ ఈటన్ కథ. జమైకాలో 1835లో పుట్టింది, తల్లితో లండన్ వచ్చింది. ఇళ్ళలో పాచిపని చేసుకుంటూ చిత్రకారులకు మోడల్‌గా కూర్చునేది. సిమియన్ సోలమన్ 1860లో ఆమెను చూసి మోషే తల్లి బొమ్మ వేశాడు, రోసెట్టి కూడా గీశాడు. బొమ్మలు గొప్ప గ్యాలరీలకు ఎక్కాయి. ఆమె మాత్రం భర్త పోయాక పిల్లల్ని పెంచడానికి కుట్టుపని, వంటపని చేసింది. 1924 దాకా బతికింది. సమాధికి రాయి 2022లో పెట్టారు.

ఆ ముఖం అందరూ చూశారు. ఆ ముఖం ఎవరిదని అడగడానికి వందేళ్ళు పైనే పట్టింది. నాకు చాలా కోపంగా ఉంది ఇది రాస్తుంటే.

హిస్టరీమాస్టారు

మేరీ ప్రిన్స్ గురించి కూడా మీరే చెప్పాలి మల్లెపందిరి గారు, ఇంతకు ముందు ఒక చర్చలో బాగా రాశారు.

మల్లెపందిరి

క్లుప్తంగా చెబుతాను. బెర్ముడాలో బానిసగా పుట్టింది. ఉప్పు మడుల్లో కాళ్ళు పుళ్ళు పడేదాకా నిలబెట్టి పని చేయించారు. 1828లో ఆంటిగ్వా యజమానులు బట్టలు ఉతకడానికీ పిల్లల్ని చూడటానికీ లండన్ తెచ్చారు. కీళ్ళ నొప్పులతో చేయలేనంటే బయటికి పొమ్మన్నారు. వెళ్ళిపోయింది. ఇక్కడ ఆమెను పట్టి ఉంచే చట్టం లేదు. కానీ భర్త ఆంటిగ్వాలో ఉన్నాడు. తిరిగి వెళ్తే మళ్ళీ బానిసే. స్వేచ్ఛ కావాలంటే భర్త లేడు, భర్త కావాలంటే స్వేచ్ఛ లేదు. డబ్బిస్తాం విడుదల రాసివ్వమంటే యజమాని ఒప్పుకోలేదు.

1831లో ఆమె చెబుతుంటే ఇంకొకామె రాసి, పుస్తకం వేశారు. బ్రిటన్‌లో ఒక నల్లజాతి స్త్రీ జీవితకథ అచ్చవడం అదే మొదలు. ఆ ఒక్క ఏడాదే మూడుసార్లు అచ్చయింది. యజమాని పరువు నష్టం దావా వేశాడు, 1833లో ఆమె కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పింది. ఆ తర్వాత ఒక్క కాగితంలోనూ ఆమె లేదు. భర్తను చూసిందో లేదో, ఎక్కడ చనిపోయిందో, ఏమీ లేదు.

నాలుగోబెంచి

ఒక సందేహం, తప్పు పట్టడానికి కాదు. చెప్పింది ఆమె, రాసింది వేరొకరు, దిద్దింది బానిసత్వ వ్యతిరేక సంఘం. అందులో ఆమె గొంతు ఎంత మిగిలింది?

మల్లెపందిరి

మంచి ప్రశ్న. దిద్దారు, అందులో అనుమానం లేదు. వినేవాళ్ళు మర్యాదస్తులు కాబట్టి కొన్ని సంగతులు వదిలేసి ఉంటారు. అయినా చదివితే తెలుస్తుంది. బానిసలు సుఖంగానే ఉన్నారని చెప్పేవాళ్ళ మీద ఆమె కోపం ఎవరూ నేర్పింది కాదు. మా అమ్మమ్మ తెలంగాణ పోరాటం గురించి చెబుతుంటే ఒక పరిశోధకురాలు రాసుకుంది. అచ్చులో భాష మారింది. కానీ దొర గడీ మాట వచ్చినప్పుడల్లా వాక్యం చిన్నదైపోయేది. అది అమ్మమ్మే.

కోరంగికుర్రాడు

అంతా బాగుంది కానీ మనవాళ్ళ సంగతేంటి? అక్కడ లస్కర్లు (ఓడల్లో పనిచేసే మన నావికులు), ఆయాలు ఉండేవాళ్ళు. మనవాళ్ళని వదిలేసి వేరేవాళ్ళ గురించి ఇంత బాధ ఎందుకు అనిపిస్తోంది నాకు. కొడతారేమో, అయినా అడుగుతున్నాను.

పాతకాగితం

కొట్టం. రెండూ వేరు కాదు కోరంగి గారూ. ఆ రిజిస్టర్లలో "నల్లవాడు" అంటే ఆఫ్రికా మనిషి కావచ్చు, బెంగాల్ మనిషి కావచ్చు, మద్రాసు నుంచి దొరసానితో వచ్చిన నౌకరు కావచ్చు. రాసే అతనికి అందరూ ఒకటే. 1857లో లండన్ లైమ్‌హౌస్‌లో ఓడ పనివాళ్ళ కోసం ఒక హాస్టలు తెరిచారు. దాని పేరులోనే ఆసియావాళ్ళు, ఆఫ్రికావాళ్ళు, దక్షిణ సముద్ర దీవులవాళ్ళు అని కలిపి ఉంటుంది. పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్ళని ఇప్పుడు మనం విడదీసి ఏం చేస్తాం?

హిస్టరీమాస్టారు

ఇంకా దగ్గరి సంబంధం ఉంది, అది మీ కోరంగి రేవు దాకా వస్తుంది. 1833లో బానిసత్వ రద్దు చట్టం వచ్చింది, మరుసటి ఏడు ఆగస్టు 1న అమలు. యజమానులకు 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చారు. అప్పటి ప్రభుత్వం ఏడాది ఖర్చులో దాదాపు 40 శాతం. దానికి చేసిన అప్పు చివరి బాకీ తీరింది 2015లో. విడుదలైన మనుషులకు ఒక్క పైసా లేదు. పైగా ఇంకొన్నేళ్ళు అప్రెంటిస్ అనే పేరుతో పాత యజమాని దగ్గరే పని.

మరి చెరకు ఎవరు నరకాలి? అప్పుడే మారిషస్‌కు మనవాళ్ళని ఒప్పంద కూలీలుగా తీసుకెళ్ళడం మొదలైంది. 1834లోనే. తర్వాత 1860లో దక్షిణాఫ్రికాలోని నేటాల్. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి పోయినవాళ్ళు ఎంతమందో. నల్లజాతి వాళ్ళ భుజం మీద నుంచి దించిన కాడి మన భుజం మీద పెట్టారు. నల్లజాతి వాళ్ళ చరిత్ర తెలియకుండా అప్పలసామి ఎందుకు ఓడెక్కాడో మీకు అర్థం కాదు.

కోరంగికుర్రాడు

ఇది నేను ఎప్పుడూ ఇలా కలిపి చూడలేదు మాస్టారూ. మా నాయనమ్మ వాళ్ళ వైపు ఒకాయన "మిరిచి దేశం" పోయాడని చెప్పేవాళ్ళు. మారిషస్సే. తిరిగి రాలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నాలుగోబెంచి

నష్టపరిహారం లెక్కల మీద ఒక మాట. యజమాని పేరు, ఊరు, ఎంతమంది బానిసలు, ఎన్ని పౌండ్లు, ఎన్ని షిల్లింగులు, అంతా పైసలతో సహా రాసి పెట్టారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు. నేను కాసేపటి క్రితం చూశాను. 40 వేలకు పైగా పేర్లు. యజమానులకు ఇంత శుభ్రంగా లెక్క రాసిన ప్రభుత్వం ఇంగ్లండులోని నల్లజాతి వాళ్ళకి రాయలేదు. లెక్క లేదు కాబట్టి లేరు అని నేను మొదట రాసింది ఎంత తప్పో ఇప్పుడు తెలిసింది.

టైలర్‌గారబ్బాయి

నాలుగోబెంచి గారు, మీరు మొదటి బెంచికి వచ్చేయండి.

హిస్టరీమాస్టారు

ఆ జాబితాలోనే మిమ్మల్ని ఇబ్బంది పెట్టే పేరు ఒకటి ఉంది. నథానియల్ వెల్స్. సెయింట్ కిట్స్‌లో తెల్ల తోట యజమానికీ, అతని బానిస స్త్రీకీ పుట్టాడు. తండ్రి ఆస్తి రాసిచ్చాడు. 1802లో వేల్స్‌లో చెప్‌స్టో దగ్గర పియర్స్‌ఫీల్డ్ ఎస్టేటు కొన్నాడు. 1818లో మన్మత్‌షైర్‌కు షెరీఫ్, అంటే ఆ జిల్లాలో రాజు తరపు అధికారి, అయ్యాడు. బ్రిటన్‌లో నల్లజాతి మూలాలున్న మొదటి షెరీఫ్ అని ఆయన్ని గర్వంగా చెప్పుకుంటారు. కానీ ఆ డబ్బంతా చెరకు తోటది. బానిసత్వం రద్దయినప్పుడు ఆయన కూడా పరిహారం తీసుకున్నాడు.

మల్లెపందిరి

అలాంటివాణ్ణి ఈ జాబితాలో ఎందుకు కలపాలి? తల్లి బానిస అయ్యుండి ఇంకొకరిని బానిసగా ఉంచుకున్నాడు. క్షమించలేను.

పాతకాగితం

క్షమించమని మాస్టారు అనలేదు. ఉన్నాడని చెబుతున్నారు. మంచివాళ్ళనే ఏరి చెబితే అది కూడా ఒక రకం దాచడమే.

మల్లెపందిరి

నేను ఒప్పుకోను. తోటలో ఉన్నవాళ్ళ పేర్లు ఎన్ని చెప్పుకున్నాం మనం ఇక్కడ? ఒక్కటీ లేదు. వెల్స్ పేరు మాత్రం వచ్చేసింది. ఎస్టేటు ఉన్నవాడి పేరు ఎప్పుడూ ముందొస్తుంది.

పాతకాగితం

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు.

సురభిబాలుడు

నాటకం పోస్టరు అన్నారు కాబట్టి వచ్చాను. ఐరా ఆల్డ్రిడ్జ్. న్యూయార్క్ కుర్రాడు, అక్కడ స్టేజి దొరకదని ఇంగ్లండు వచ్చాడు. 1833 ఏప్రిల్‌లో లండన్ కోవెంట్ గార్డెన్ థియేటర్లో షేక్‌స్పియర్ ఒథెల్లో వేశాడు. అంతకుముందు ఆ పాత్ర వేసిన ఎడ్మండ్ కీన్ జబ్బుపడ్డాడు, ఆ చోటులో. పత్రికలు నోటికొచ్చినట్టు రాశాయి. రెండు రాత్రులతో ఆపేశారు. ఆయన ఆగలేదు. ఊరూరా తిరిగి ఆడాడు. తర్వాత ముఖానికి తెల్లరంగు పూసుకుని లియర్, మాక్‌బెత్, షైలాక్ కూడా వేశాడు. యూరప్ అంతా తిరిగి 1867లో పోలండ్‌లోని లోజ్ ఊళ్ళో, పర్యటనలోనే చనిపోయాడు. రంగు పూసుకున్నవాడికి తెలుస్తుంది అది ఎలాంటి బతుకో.

గులాబీఅత్తర్

రాణిగారి దత్త కూతురు ఒకామె ఉంది కదా, బ్రైటన్‌లో పెళ్ళి చేశారు. సారా ఫోర్బ్స్ బొనెట్టా. ఫోటోలు ఎంత బాగుంటాయో.

హిస్టరీమాస్టారు

దత్త కూతురు కాదమ్మా. పశ్చిమ ఆఫ్రికాలోని దహోమీ రాజు 1850లో ఒక ఓడ కెప్టెన్‌కి ఆ పిల్లని బహుమతిగా ఇచ్చాడు. "బహుమతి" అన్న మాట దగ్గర ఆగండి. ఏడెనిమిదేళ్ళ పిల్ల. బొనెట్టా అన్నది ఆ ఓడ పేరు. రాణి ఆమె చదువు, ఖర్చు చూసుకుంది, పెళ్ళి 1862లో. 1880లో మదీరాలో క్షయతో పోయింది. ఫోటోలు బాగుంటాయి, నిజమే. ఆ కళ్ళు కూడా చూడండి.

సింగరేణిబిడ్డ

మొదటి నుంచీ చదువుతున్నా, ఇప్పుడు రాస్తున్నా. ఆర్థర్ వార్టన్. 1865లో ఇప్పటి ఘానాలోని అక్రాలో పుట్టాడు. చదువుకోవడానికి ఇంగ్లండు వచ్చాడు. 1886లో 100 గజాలు 10 సెకండ్లలో పరిగెత్తి దేశం మొత్తానికి చాంపియన్ అయ్యాడు. ప్రెస్టన్ జట్టుకు గోల్‌కీపర్. తర్వాత రోథర్‌హామ్‌లో డబ్బులు తీసుకుని ఆడాడు, ప్రపంచంలో మొదటి నల్లజాతి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడు అంటారు. ఆట అయిపోయాక బొగ్గు గనిలో టబ్బులు నడిపే పనికి పోయాడు. 1930లో చనిపోయాడు, ఎడ్లింగ్టన్‌లో పాతిపెట్టారు. సమాధికి రాయి కూడా లేదు. 1997లో పెట్టారు, జనం ఉద్యమంలా చేస్తే.

మా బాపు గోదావరిఖనిలో ట్రామర్‌గా చేసిండు. షిఫ్టు దిగి వచ్చినప్పుడు అందరి ముఖాలూ ఒకటే నలుపు, నీళ్ళు పోసుకుంటే గానీ ఎవరు ఎవరో తెలిసేది కాదు. వార్టన్ తోటి పనివాళ్ళ మధ్య ఆ గనిలో నుంచి పైకొస్తున్నట్టు నాకు ఎప్పుడూ కనిపిస్తుంది.

రాత్రిషిఫ్టు

రెండు రోజులు డ్యూటీల వల్ల రాలేకపోయాను. ఇప్పుడు అంతా కూర్చుని చదివాను, రెండుసార్లు. అందరికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు.

మా వార్డులో ఘానా అబ్బాయి ఒకతను ఉన్నాడు, నర్సే. బ్రేకులో కఫే కథ చెప్పాను. పేరు చెప్పగానే "శుక్రవారం" అన్నాడు, నేను ఇంకా వివరించక ముందే. వాళ్ళ తమ్ముడి పేరు కూడా కోఫీయేనట. వార్టన్ పేరు మాత్రం అతనికి తెలుసు, అక్రావాడు కదా. ఎడ్లింగ్టన్ ఇక్కడికి దగ్గరే, డాన్‌కాస్టర్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. ఇద్దరికీ ఆఫ్ కలిసిన రోజు వెళ్దాం అనుకున్నాం.

ఈ పొద్దున మళ్ళీ సుసానా రాయి దగ్గర ఆగాను. వానకి ఆకులు అంటుకుని ఉంటే తుడిచాను. ఆమె పేరు పైన ఉంది, ఆయన పేరు కింద. ఇన్నాళ్ళూ ఆయన పేరే చదివాను గానీ ఆమె ఎలా పోయిందో ఆలోచించలేదు.

సింగరేణిబిడ్డ

అక్కా, ఎడ్లింగ్టన్ పోతే రాయి ఫోటో ఒకటి పెట్టు. అక్షరాలు కనపడేలా దగ్గర నుంచి తియ్యి. బాపుకు చూపెట్టాలె.

రాత్రిషిఫ్టు

తప్పకుండా తమ్ముడూ. ఆదివారం అనుకుంటున్నాం.

లండన్‌ఎన్నారై

ఆదివారం ఆ వైపు బస్సులు తక్కువ ఉంటాయి, శనివారం పెట్టుకోండి. నేను ట్రఫాల్గర్ వెళ్ళొచ్చాను. ఉన్నాడు. ఎడమ పక్కన, తుపాకీ పట్టుకుని పైకి చూస్తున్నాడు. ఫోటో రాత్రికి పెడతాను.